దఫ్తరీ కొమురెల్లి కుట్టిన పుస్తకాలు

కొమురెల్లి పనిచేసిన కాలేజీ పేరు ఇక్కడ చెప్పడం కుదరదు. ఉప్పల్ నుంచి నాచారం వైపు వస్తుంటే ఒక ఎత్తైన గోడ, గోడ మీద గాజుపెంకులు, పెంకుల మీద ముళ్లతీగ కనిపిస్తే అదే అనుకోండి. గేటు దగ్గర ఫొటోలు తీయరాదని మూడు భాషల్లో రాసి ఉంటుంది. ఫొటో తీయాలన్న కోరిక పుట్టేంత అందం లోపల ఏమీ లేదన్న సంగతి మాత్రం ఏ భాషలోనూ రాయలేదు. దేశం నలుమూలల నుంచి కెప్టెన్లు, మేజర్లు పది నెలల కోర్సు కోసం అక్కడికి వస్తారు, చదువుతారు, పోతారు. వాళ్ల చదువు కోసం ముప్పై వేల పుస్తకాలతో ఒక లైబ్రరీ ఉంది. ఆ లైబ్రరీలో కొమురెల్లి దఫ్తరీ.

దఫ్తరీ అంటే పెద్ద ఆఫీసరేమో అనుకునేరు. చినిగిన పుస్తకాలకు అట్టలు కట్టే మనిషికి సర్కారు పెట్టిన పేరది. చేర్యాల దిక్కు నుంచి బతకడానికి వచ్చి, అంబర్‌పేట్‌లో ఒక బైండింగ్ దుకాణంలో ఆరేళ్లు అట్టలంటించే లయి కలిపి, ఎనభై రెండులో ఈ ఉద్యోగంలో కుదిరాడు. హెచ్‌ఎంటీ నగర్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. భార్య సత్తమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్ కుడుతుంది. ఇద్దరిదీ దారం బతుకే.

చినిగిన పుస్తకం తన బల్ల మీదికి వస్తే కొమురెల్లి ముందు దాన్ని వాసన చూసేవాడు. చెమ్మ వాసన వస్తే రెండు రోజులు నీడన ఆరబెట్టేవాడు. మడతలు తెగి విడివిడిగా ఊడిన కాగితాలను వరసలో పేర్చి, లోపలి అంచున దబ్బనంతో గుచ్చి, మైనం పూసిన దారంతో కుట్టేవాడు. మైదా ఉడకబెట్టి చేసిన లయిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. ఆ పైన అట్ట, అట్ట మీద రెగ్జిన్, మనసుకు నచ్చిన పుస్తకమైతే మూలలకు తోలు ముక్కలు. తోలు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పాత బూట్లకు మిలిటరీ కాలేజీలో కరువా!

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు తప్ప పుస్తకంలో ఏముందో అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. నీలం వెన్ను, ఎర్ర మూలలు అంటే చాలు, కళ్లు మూసుకుని ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పేవాడు. అట్లా తన చేత్తో, తన ఇష్టంతో, తొందర లేకుండా కట్టిన పుస్తకాలు ఓ వంద ఉండేవి. మిగతావి కూడా కట్టాడు కానీ అవి ఉద్యోగం కోసం కట్టినవి. ఈ వంద తనవి. లైబ్రరీ తనది కాదు, కాలేజీ తనది కాదు, ఆ మాటకొస్తే ఉంటున్న ఇల్లూ తనది కాదు. ఈ వంద మాత్రం తనవని గట్టిగా నమ్మాడు, పాపం.

రెండువేల మూడులో ఢిల్లీ నుంచి సర్క్యులర్ దిగింది. పదేళ్లుగా ఎవరూ తీసుకెళ్లని పుస్తకాలను కండెమ్ చేయాలి. అంటే జాబితా రాయాలి, ఎర్ర చీటీ అంటించాలి, ముగ్గురు ఆఫీసర్ల బోర్డు చూసి సంతకాలు పెట్టాలి, ఢిల్లీ మంజూరు రాగానే ముక్కలు చేసి కాగితం మిల్లుకు తోలాలి. లైబ్రేరియన్ విశ్వనాథం గారు జాబితా రాయడం మొదలుపెట్టారు. తెనాలి మనిషి, మల్కాజిగిరిలో కాపురం. తన బల్ల మీద ఉన్న కాగితం సాయంత్రానికి ఇంకొకరి బల్ల మీదికి పోవాలన్నదే ఆయన జీవితాశయం. ఆ ఆశయానికి ఆయన ఏనాడూ ద్రోహం చేయలేదు.

"సార్, గా నీలి అట్టది సుత పోతదా?" అని అడిగాడు కొమురెల్లి.

"ఏ నీలి అట్టదోయ్?"

"గా గాడిదలది సార్."

విశ్వనాథం గారు ఆ పుస్తకం కార్డు తీసి చూశారు. "కంచరగాడిదల మీద సామాను కట్టే పద్ధతులు. ఆఖరిసారి ఎవరో పట్టుకెళ్లింది డెబ్భై ఒకటిలో. పోకేం చేస్తుంది?"

"దానికి తోలు మూలలు పెట్టిన సార్."

"గాడిదకా?"

"పుస్తకానికి."

విశ్వనాథం గారు నవ్వి, పెన్ను మూత తీసి, ఆ పుస్తకం పేరు పక్కన చుక్క పెట్టుకున్నారు. కొమురెల్లికి ఆ రోజు అన్నం సయించలేదు. ఆ వందలో తొంభైకి పైగా అసలు ఎవరూ ముట్టని పుస్తకాలే. ఎవరూ ముట్టరు కాబట్టే అతని దగ్గర అంతంత కాలం ఉన్నాయి, అంత బాగా తయారయ్యాయి.

ఉపాయం కోసం అతను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. కాలేజీయే దాన్ని అతని బల్ల దగ్గరికి నడిపించుకొచ్చింది. కోర్సు ముగిసిన ఆఫీసరు కదలాలంటే క్లియరెన్స్ చీటీ మీద మెస్సు, క్వార్టర్సు, క్యాంటీన్, లైబ్రరీ, అందరి ముద్రలూ పడాలి. మొదటి నెలలో లైబ్రరీ ఎటుందో కనుక్కోని మేజర్లు కూడా ఆఖరి రోజు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. బయట జీపు, జీపులో పెట్టెలు, సికింద్రాబాద్‌లో రైలు. ముద్ర కొమురెల్లి దగ్గరుంటుంది.

ప్రతి పుస్తకం వెనకా చిన్న జేబులో ఒక కార్డు ఉంటుంది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అన్నది దాని మీదే. కొమురెల్లి ఆ ఏడాది క్లియరెన్స్ చీటీ కింద మూడు కార్డులు పెట్టాడు.

"సార్, ఇక్కడ జర దస్తఖత్. ఇక్కడ గూడ."

"యే క్యా హై?"

"కార్డు సార్."

"అచ్ఛా," అని సంతకం పెట్టి పరిగెత్తాడు ఆ మేజరు. పది నెలలపాటు శత్రువు కదలికలను ముందే పసిగట్టే విద్య నేర్చుకున్నవాడు. ఆ తర్వాత వచ్చినవాడూ అంతే, ఆ తర్వాతి ఏడాది వచ్చినవాళ్లూ అంతే. తేదీల ముద్ర ఎలాగూ కొమురెల్లి చేతిలోదే. ఈ విధంగా ఒక ట్యాంకుల దళం మేజరు కంచరగాడిదల పుస్తకాన్ని రెండుసార్లు చదివాడు. సిగ్నల్స్ కెప్టెన్లు పావురాలతో కబురు పంపే పద్ధతులు తెగ చదివారు. ఎడారిలో బావి తవ్వడం మీద ఉన్న ఆకుపచ్చ అట్ట పుస్తకానికి ఒక కోర్సులో పదకొండు మంది పాఠకులు.

ఇది తప్పని కొమురెల్లికి తెలుసు. తెలిసే చేశాడు. అయితే తప్పుకు కూడా ఒక హద్దు పెట్టుకున్నాడు. తన వంద పుస్తకాలకే సంతకాలు పెట్టించాడు, కార్డుల మీద కొత్త తేదీలు చూసి విశ్వనాథం గారు వాటిని జాబితా నుంచి కొట్టేశారు. పాతకాలంలో ఏదో ప్రెస్సు వాళ్లు జిగురు పూసి పంపిన మొరటు బైండింగుల కోసం తానెందుకు పాపం మూటగట్టుకోవాలి? వాటికి ఎర్ర చీటీలు పడ్డాయి. సుతిలి తాళ్లతో కట్టలు కట్టి వెనక గదిలో పడేశారు, ఫైలు ఢిల్లీ వెళ్లింది. ఆ గది ముందు నుంచి పోయినప్పుడల్లా, ఇయ్యాలో రేపో వీటి కథ ఖతమని కొమురెల్లి జాలిపడేవాడు. ఆ జాలిలో కొంచెం గర్వం కూడా ఉండేది.

రెండువేల ఎనిమిదిలో లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చాయి. బార్‌కోడ్ చీటీలు అంటించడానికి, పాత కార్డుల మీది వివరాలన్నీ ఎక్కించడానికి దమ్మాయిగూడ నుంచి గౌతమి అనే అమ్మాయి కాంట్రాక్టు మీద వచ్చింది. చురుకైన పిల్ల. నాలుగు నెలల్లో ముప్పై వేల కార్డులూ లోపలికి తోసేసి, ఒకరోజు మీట నొక్కి, వచ్చిన కాగితం చూసి నోరు తెరిచింది.

"మామా, గిదేంది? మీ ఆఫీసర్లకు గాడిదల పిచ్చి గిట్ల ఉన్నదా?"

అన్నిటికన్నా ఎక్కువ మంది చదివిన పుస్తకాల వరసలో మొదటిది కంచరగాడిదలు. రెండోది పావురాలు. మూడోది బావి. రాడార్లు, కంప్యూటర్ల మీద పదిహేనేళ్లుగా కొన్న పుస్తకాలన్నీ వంద తర్వాతే. లయి గిన్నెలో కొమురెల్లి చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

"ఏమో బిడ్డా. పెద్దోళ్లు. ఏం జదువుతరో మనకెట్ల ఎరుక?" అన్నాడు.

కార్డు మీద ఉన్నది కార్డు మీద ఉన్నట్టే కూడింది కంప్యూటరు. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ కాగితం విశ్వనాథం గారి బల్ల మీద ఒక్క పూట కూడా ఉండలేదు, సాయంత్రానికి కల్నల్ భూషణం గారి దగ్గరికి పోయింది. చదువుల విభాగానికి కొత్తగా అధిపతిగా వచ్చిన కల్నల్ గారిది శ్రీకాకుళం. మంచి మనిషి, ఉత్సాహం కాస్త ఎక్కువ. ఆయన ఆ జాబితాను మూడు రోజులు చదివారు. మన ఆఫీసర్లు రోడ్డు లేని కొండల్లో, కరెంటు లేని చోట, నీళ్లు దొరకని నేల మీద జరగబోయే యుద్ధానికి తమంతట తామే సిద్ధమవుతున్నారని కనిపెట్టారు. ఆ ముక్కే వివరంగా ఢిల్లీకి రాశారు. ఢిల్లీ సంతోషించింది. సెమినార్ జరిగింది. ముగ్గురు బ్రిగేడియర్లు గాడిద నడక గురించి గంటేసి మాట్లాడారు. రెండువేల పదకొండులో ఉత్తమ లైబ్రరీ షీల్డు వచ్చింది.

విచిత్రమేమిటంటే, షీల్డు వచ్చాక నిజంగానే చదవడం మొదలుపెట్టారు. పై వంద పుస్తకాల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టేసరికి, సీనియర్లు చదివినవి మనం చదవకపోతే ఏం బాగుంటుందని కొత్త కోర్సు వాళ్లు వచ్చి అడిగి మరీ తీసుకెళ్లారు. ఒక మేజరు నీలం అట్ట పుస్తకాన్ని బల్ల మీద తెరిచి, అది మూసుకుపోకుండా బల్లపరుపుగా పడుకుంటే ఆశ్చర్యపోయి, వెన్ను మీద చెయ్యి రాసి, ఎవరు కట్టారని హిందీలో అడిగాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. కొమురెల్లి ఇంటికి పోయి సత్తమ్మకు ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

"సమజైంది తియ్యి. ఇగ అన్నం తిను," అంది సత్తమ్మ, మూడోసారి.

రెండేళ్లు ఆ సంతోషంలోనే గడిచాయి. రెండువేల పదమూడు ఆగస్టులో కొత్త ఉత్తర్వు వచ్చింది. కాలేజీకి డిజిటల్ లైబ్రరీ కావాలి. పుస్తకాలను స్కాన్ చేసి కంప్యూటర్లలో పెట్టాలి, ఆఫీసర్లు తమ గదుల్లో కూర్చునే తెర మీద చదువుకోవాలి. ఎక్కువ మంది చదివిన పుస్తకాలకు మొదటి గౌరవం. పై వంద ముందు.

ఆ గౌరవం ఎట్లాంటిదో కొమురెల్లికి నెలాఖరున మిషన్ వచ్చాకగానీ తెలియలేదు. ఆ స్కానర్ విడికాగితాలను ఒక్కొక్కటే మింగుతుంది, కుట్టిన పుస్తకం దానికి పనికిరాదు. అందుకని దాంతోపాటు ఒక కత్తెర మిషన్ కూడా పంపించారు. పుస్తకాన్ని అందులో పెట్టి పిడి దించితే వెన్ను అరంగుళం మందాన తెగి పడుతుంది. స్కాన్ అయ్యాక కాగితాలు బయటికి పోకూడదు కాబట్టి ముక్కలు చేసే ఇంకో మిషన్లో వేయాలి. వెన్నులు కోసే పని ఎవరికి ఇవ్వాలన్న దానిలో కల్నల్ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ పుస్తకాల గురించి కొమురెల్లికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరున్నారు?

కొమురెల్లి జాబితాలోని నంబర్లు చూసుకున్నాడు. వందకు వందా తనవే. ముందు విశ్వనాథం గారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఒక మాట జెప్పాలె. గా కార్డుల మీద దస్తఖత్‌లు..."

"నాకేమీ చెప్పకు," అన్నారు విశ్వనాథం గారు, రెండు చేతులూ ఎత్తి. "నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. చెప్పాలనుంటే పైన చెప్పుకో."

చెబితే ఏమవుతుందో కొమురెల్లికి తెలుసు. తొమ్మిది నెలల సర్వీసు మిగిలి ఉంది. దొంగ ముద్రలు వేశాడని తేలితే గేటు బయట నిలబెడతారు, ముప్పై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని కల్నల్ గారి గదిలోకి పోయి మొత్తం చెప్పేశాడు. క్లియరెన్స్ చీటీ, దాని కింద కార్డులు, రైలు తొందర, ఏదీ దాచలేదు.

"నేనే జేసిన సార్. ఎవ్వలు సదవలే. నన్ను ఏమన్న జెయ్యిండ్రి, గా పుస్తకాలను మాత్రం కొయ్యకుండ్రి."

కల్నల్ గారు కిటికీ వైపు చూశారు. ఉప్పల్ దిక్కున మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. తర్వాత ఆయన చూపు గాజు బీరువాలోని షీల్డు మీదికి పోయింది.

"కొమురెల్లీ, నీకింకా ఎన్నాళ్ల సర్వీసుంది?"

"తొమ్మిది నెలలు సార్."

"ఒంట్లో బాగుంటోందా? ఈ మధ్య ఏదేదో మాట్లాడుతున్నావని విన్నాను."

"సార్, నేను నిజం..."

"రిపోర్టు ఢిల్లీ వెళ్లింది. ఢిల్లీ దాన్ని ఇంకా పైకి పంపింది. ఆ కాగితంలో ఉన్నదే నిజం. నువ్వు ఇక్కడికి రాలేదు, నేను వినలేదు. పోయి టీ తాగు."

ముప్పై ఏళ్లలో అతను ఆ కాలేజీలో చెప్పిన పెద్ద నిజం అదొక్కటే. దాన్ని నమ్మేవాడు దొరకలేదు. చదివారన్న అబద్ధానికేమో సెమినార్లు జరిగాయి, షీల్డు వచ్చింది. కొమురెల్లి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. సత్తమ్మ ఫాల్ కుడుతున్న చీర పక్కన పెట్టి దగ్గర కూర్చుంది. ఎవరు చచ్చిపోయిన్రని అడగలేదు, ఆమెకు సంగతంతా తెలుసు.

"కుట్టింది నువ్వేనాయె. ఇప్పేది గూడ నువ్వే ఇప్పు," అంది. "ఫాల్ మార్సాలంటే నేను చీర కోస్తనా? దారం తెంపుత. గా మిషన్ కింద ఎందుకు పెడుతవ్?"

మర్నాడు కొమురెల్లి కల్నల్ గారిని అదొక్కటి అడిగాడు. కోత వద్దు, కుట్టు తాను చేత్తో విప్పుతాడు, కాగితాలు ఎట్లాగూ విడివిడిగానే ఊడి వస్తాయి. నిన్న ఏమీ వినని కల్నల్ గారు ఈ రోజు వెంటనే ఒప్పుకున్నారు. కత్తెర మిషన్ మీద గుడ్డ కప్పేశారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలూ అదే పని. రెగ్జిన్ కింద బ్లేడు పోనిచ్చి, లయి పొరను తడిపి లేపి, అట్ట తీసి పక్కన పెట్టి, ఒక్కో కుట్టు తెంపి దారం లాగేవాడు. మైనం పూసిన దారం ఇరవై ఏళ్ల తర్వాత కూడా పట్టు వదలలేదు. బయట రోడ్ల మీద జెండాలు, ఊరేగింపులు, టీవీల్లో విభజన బిల్లు. రాష్ట్రం వస్తున్నదంటే కొమురెల్లికి సంతోషమే, సంతకాలు, ముద్రలు ఏమీ లేకుండా తాను మనసారా కోరుకున్నది అదే. కానీ పొద్దున కాలేజీ గేటు దాటగానే ఆ సంతోషం బయటే ఆగిపోయేది. డిసెంబరులో విశ్వనాథం గారు శాలువా కప్పుకుని వెళ్లిపోయారు. ఏప్రిల్ నాటికి వందా అయిపోయాయి. కాగితాలు స్కాన్ అయి, ముక్కలై, సంచుల్లో వెళ్లాయి. అట్టలను చెత్తలో వేశారు.

ఆఖరి సంచి పంపి వస్తుంటే వెనక గది తలుపు తెరిచి ఉంది. లోపల, పదేళ్ల కింద ఎర్ర చీటీలు అంటించిన పుస్తకాలు సుతిలి తాళ్లతో కట్టిన కట్టలు కట్టినట్టే ఉన్నాయి. ఢిల్లీ మంజూరు ఇంకా రాలేదు. మంజూరు వచ్చేదాకా వాటిని ఎవరూ తాకకూడదు, కొయ్యకూడదు, చింపకూడదు. మొరటు జిగురు, వంకర వెన్నులు, అయినా ఒక్కటి కూడా పోలేదు. తన వందకు కూడా ఆ రోజు ఎర్ర చీటీ పడనిచ్చి ఉంటే ఇక్కడే, ఈ దుమ్ములో, హాయిగా ఉండేవి. కొమురెల్లి గడప మీద కూర్చుని తలకాయ కొట్టుకున్నాడు. కాపాడబోయి తానే చంపుకున్నాడని అతనికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

మే ముప్పై ఒకటిన, కొత్త రాష్ట్రం ఇంకా రెండు రోజుల్లో వస్తుందనగా, కొమురెల్లి రిటైరయ్యాడు. టీ, సమోసాలు, శాలువా. అతని క్లియరెన్స్ చీటీ మీద కొత్త దఫ్తరీ ముద్ర వేసిచ్చాడు. అటెండర్ల స్థాయి వాళ్లకు డిజిటల్ లైబ్రరీ తెరిచే అనుమతి లేదు. అయినా ఈ ఒక్కరోజుకు చూపిస్తానని కల్నల్ గారే స్వయంగా పిలిచి, ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్న గౌతమిని పెద్ద తెర పెట్టమన్నారు.

"చూడవయ్యా, నీ గాడిదల పుస్తకం. ఇక చినగదు, చెద పట్టదు."

నీలం అట్ట లేదు. తోలు మూలలు లేవు. పుస్తకం నేరుగా మొదటి పేజీతో మొదలైంది. కొమురెల్లి కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వెళ్లాడు. తెల్లటి పేజీ ఎడమ అంచున, పై నుంచి కిందికి, సమాన దూరంలో అయిదు నల్లటి చుక్కలు. గౌతమి పేజీ తిప్పింది. మళ్లీ అయిదు. ఇంకో పేజీ, మళ్లీ అవే అయిదు. దబ్బనం పోటు తనదేనని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు, పుస్తకం మీద ఆ ఎడం కొలిచింది అతని రెండు వేళ్లతోనే. చెయ్యి చాచి ఒక చుక్క మీద వేలు పెట్టాడు.

"అవా?" అన్నారు కల్నల్ గారు. "ఏం కంగారుపడకు. ఆ మచ్చలు తుడిచేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎనభై పుస్తకాలకు అయిపోయింది, దీనికి కూడా ఈ సాయంత్రమే చేసేస్తారు. ఏమ్మా?"

గౌతమి తల ఊపింది గానీ కొమురెల్లి వైపు చూడలేదు.

"నాకు అయిదింటి దాక గేటు పాసు ఉన్నది సార్," అన్నాడు కొమురెల్లి, తెర మీంచి వేలు తీయకుండా. "నేను బయటికి పోయేదాక జర ఉండనియ్యిండ్రి."